క్లిప్ అయిపోయాక తెర మీద ఏముంటుంది?

నేను మొదటిసారి స్టేజీకి వీడియో వేసింది ఒక సంస్మరణ సభలో. చనిపోయినాయన ఫొటోలు, పాత వీడియో ముక్కలు కలిపి 4 నిమిషాల ఏవీ (ఆడియో-విజువల్, అంటే సభలో వేసే చిన్న వీడియో) నేనే ఎడిట్ చేశాను. ఎడిట్ చేసిన అమ్మాయే ప్లే కూడా చేస్తుందిలే అన్నారు, సరేనన్నాను. లాప్‌టాప్‌లో మామూలు ప్లేయర్ తెరిచి, ఫుల్‌స్క్రీన్ చేసి, స్పేస్ బార్ నొక్కడమే కదా అనుకున్నాను. క్లిప్ బాగానే నడిచింది. చివర్లో ఆయన నవ్వుతున్న ఫొటో మెల్లగా చీకట్లో కలిసిపోతుంది. అక్కడ అందరూ లేచి ఒక నిమిషం మౌనం పాటించాలి.

అందరూ లేచారు. తెర నల్లబడి రెండు సెకన్లయిందో లేదో, ప్లేయర్ తనంతట తానే అదే ఫోల్డర్‌లో ఉన్న తర్వాతి ఫైలు అందుకుంది. అది మరో కార్యక్రమం కోసం నేను ఎడిట్ చేస్తున్న ప్రచార వీడియో. డ్రమ్స్‌తో మొదలవుతుంది. కంగారులో ఎస్కేప్ నొక్కితే ఫుల్‌స్క్రీన్ పోయి, నా డెస్క్‌టాప్ మొత్తం అంత పెద్ద తెర మీద పరుచుకుంది. ముందు వరుసలో ఆయన భార్య నిలబడి ఉన్నారు. తల తిప్పి తెర వైపు చూసి, మళ్లీ తల వంచుకున్నారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ బాధపడ్డాను.

ఆ తర్వాత ఈ పని సరిగ్గా నేర్చుకోవాలని పట్టుబట్టాను. ఇప్పుడు నాలుగేళ్లుగా సభలకు, కాన్ఫరెన్సులకు, నాటకాలకు, డాన్స్ ప్రదర్శనలకు వీడియో ప్లేబ్యాక్ చూస్తున్నాను. కొత్తగా వచ్చేవాళ్లు మొదట అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అక్కా?" అని. నేను తిరిగి ఒకటే అడుగుతాను: నీ క్లిప్ మొదలయ్యే ముందు తెర మీద ఏముంది, అయిపోయాక ఏముంటుంది? వీడియో నడపడం కంప్యూటర్ చూసుకుంటుంది. ముందూ వెనకా ఉండే ఆ రెండు ఖాళీలు చూసుకోవాల్సింది మనం.

మామూలు ప్లేయర్లను సినిమా చూసుకోవడానికి తయారు చేశారు. ఒక ఫైలు అయిపోతే ఇంకోటి వెయ్యడం, మౌస్ కదిలితే బటన్లు చూపించడం వాటి దృష్టిలో సౌకర్యాలు. స్టేజీ మీద అవే ప్రమాదాలు. ప్లేబ్యాక్ కోసమే చేసిన సాఫ్ట్‌వేర్‌లో ప్రతి క్లిప్‌కూ విడివిడిగా చెప్పుకోవచ్చు: ఇది అయిపోగానే చివరి ఫ్రేము మీద ఆగిపో, ఇది నల్లగా మసకబారు, ఇది నేను చెప్పేదాకా లూప్‌లో తిరుగుతూ ఉండు. పైగా బటన్లు, టైమర్, జాబితా అన్నీ మన స్క్రీన్ మీదే ఉంటాయి, బయటికెళ్లే స్క్రీన్ మీద బొమ్మ తప్ప ఇంకేమీ రాదు. మాక్ ఉన్నవాళ్లకు క్యూల్యాబ్, మిట్టి, ప్లేబ్యాక్‌ప్రో ఉన్నాయి. విండోస్‌లో వీమిక్స్ చాలామంది వాడతారు. రెజల్యూమ్ రెండింటిలోనూ నడుస్తుంది, కాకపోతే అది లైవ్ విజువల్స్ చేసేవాళ్ల చేతికి బాగా అలవాటైన పనిముట్టు. స్వీడన్ ప్రజా ప్రసార సంస్థ ఎస్‌వీటీ తయారు చేసిన క్యాస్పర్‌సీజీ ఓపెన్ సోర్స్‌గా ఉచితంగా దొరుకుతుంది గానీ, మొదటి అడుగుకు అది బరువే.

నేను క్యూల్యాబ్‌తో మొదలుపెట్టాను. ఉచితంగా మొదలుపెట్టి, పెద్ద సౌకర్యాలు కావాల్సినప్పుడే లైసెన్స్ తీసుకోవచ్చు. షో మొత్తం పైనుంచి కిందికి ఒక జాబితాలా ఉంటుంది, స్పేస్ బార్ నొక్కితే తర్వాతి క్యూ, అంటే జాబితాలోని తర్వాతి అంశం, నడుస్తుంది. చేతి వణుకుకు ఒకేసారి రెండు క్యూలు వెళ్లిపోకుండా, రెండు నొక్కుల మధ్య కనీస విరామం పెట్టుకునే సెట్టింగ్ కూడా ఉంది. మొదటి రోజుల్లో అది నన్ను ఎన్నిసార్లు కాపాడిందో! సాఫ్ట్‌వేర్ గురించి ఇంతకు మించి ఆలోచించకండి. ఏదో ఒకటి పట్టుకుని దాన్ని క్షుణ్ణంగా నేర్చుకోండి.

అసలు టెన్షన్ అంతా ఫైళ్ల దగ్గర పుడుతుంది. మనకు వచ్చే ఎంపీ4 ఫైళ్లలో ఎక్కువ భాగం హెచ్.264 కోడెక్‌లో (వీడియోను కుదించి దాచే పద్ధతి) ఉంటాయి. అవి అంత చిన్నగా ఉండటానికి కారణం, ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచకపోవడం. అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేము పెట్టి, మధ్యలో వాటికి ఏం మారిందో అదొక్కటే రాసుకుంటుంది. ఆ పూర్తి ఫ్రేమునే కీఫ్రేము అంటారు. వీడియోను అలా కుదించడానికి చాలాచోట్ల వాడే ఎక్స్264 ఎన్‌కోడర్‌ను దాని మానాన వదిలేస్తే, రెండు కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా ఎడం రావచ్చు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది 10 సెకన్లు. ఇంట్లో చూసుకునేవాళ్లకు దీంతో ఏ ఇబ్బందీ లేదు. రిహార్సల్‌లో డైరెక్టర్ "రెండో నిమిషం నుంచి మళ్లీ వెయ్యి" అన్నప్పుడు మాత్రం, ప్లేయర్ వెనకున్న కీఫ్రేము వెతుక్కుని, అక్కడి నుంచి ఒక్కో ఫ్రేమూ కట్టుకుంటూ రావాలి. ఆ తడబాటు తెర మీద కనిపిస్తుంది. లూప్ తిరిగే చోట చిన్న కుదుపు వస్తే కూడా నేను మొదట అనుమానించేది దీన్నే.

అందుకే వచ్చిన ప్రతి ఫైలునూ ముందు రోజే మార్చేసుకుంటాను. మాక్ మీదైతే ప్రోరెస్ కోడెక్‌కు, రెజల్యూమ్ లాంటి వాటిలో హ్యాప్ లేదా డీఎక్స్‌వీ కోడెక్‌కు. వీటన్నిటిలోనూ ప్రతి ఫ్రేమూ దేనికది పూర్తిగా ఉంటుంది, ఎక్కడికి దూకమన్నా వెంటనే దూకుతుంది. హ్యాప్‌నైతే విప్పే పని గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది, ప్రాసెసర్‌కు శ్రమ తగ్గుతుంది. దీనికి మూల్యం ఫైలు సైజు. 1080 రిజల్యూషన్‌లో సెకనుకు 25 ఫ్రేముల ప్రోరెస్ 422 సుమారు 122 మెగాబిట్ల వేగంతో నడుస్తుంది. అంటే సెకనుకు దాదాపు 15 మెగాబైట్లు, 5 నిమిషాల క్లిప్ 4.5 జీబీ దాటుతుంది. పాత పద్ధతిలో ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. నాకది తెలిసింది అర్ధరాత్రి, కాపీ చివరిదాకా వచ్చి ఎర్రర్ చూపించినప్పుడు. అప్పటి నుంచి నా డ్రైవ్‌లన్నీ ఎక్స్‌ఫ్యాట్. హ్యాప్‌లోనే ఇంకో రకమైన హ్యాప్ క్యూ (Hap Q) ఇంకా బరువు, 1080లో ఒక్కో ఫ్రేము దాదాపు 2 మెగాబైట్ల దాకా ఉంటుంది. సెకనుకు 50 మెగాబైట్లు ఆగకుండా చదవాలి. చాలా పెన్‌డ్రైవ్‌లు అంత వేగాన్ని క్లిప్ పొడుగునా నిలబెట్టలేవు. ఏ క్లిప్ అయినా సరే, లాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేశాకే ప్లే చేస్తాను. వక్త స్టేజీ ఎక్కుతూ చేతిలో పెట్టిన పెన్‌డ్రైవ్‌కు కూడా ఇదే నియమం. ఆ ఒక్క నిమిషం ఆయన చేత ఇంకో మాట మాట్లాడించమని యాంకర్‌ను అడుగుతాను, ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

ఫోన్‌లో తీసిన వీడియోలు వేరే కథ. ఫోను వెలుతురును బట్టి ఫ్రేము వేగాన్ని తనే అటూ ఇటూ మారుస్తుంది. అలాంటి ఫైల్లో మొదట్లో పెదవులు, మాట కలిసే ఉంటాయి, నాలుగో నిమిషానికి విడిపోతాయి. హ్యాండ్‌బ్రేక్‌లోనో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తోనో ఒకే స్థిరమైన ఫ్రేము వేగానికి మార్చుకుని, చివరి అర నిమిషం చెవులు రిక్కించి చూడాలి. ఫైలు సరిగ్గా ఉందో లేదో మొదటి పది సెకన్లు చెప్పవు.

ఫ్రేము వేగం అన్నాను కాబట్టి, అవుట్‌పుట్ సంగతి కూడా. లాప్‌టాప్ మామూలుగా 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు, బొమ్మ పంపుతుంది. వీడియో 25 ఫ్రేములదైతే 60ని 25తో భాగిస్తే 2.4. ఒక ఫ్రేము రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు కనిపించాలి. కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే షాట్‌లో, కింద పేర్లు పాకే చోట అది సన్నటి వణుకుగా తెలిసిపోతుంది. అవుట్‌పుట్‌ను 50 హెర్ట్జ్‌కు మారిస్తే ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు పడి, వణుకు పోతుంది. సెట్టింగ్స్‌లో ఒక్క మార్పు, అంతే.

ఎల్‌ఈడీ వాల్ ఉందంటే, ఎడిటింగ్ మొదలుకాకముందే నాకు కావాల్సింది దాని పిక్సెల్ లెక్క. "స్క్రీన్ ఇరవై అడుగులండీ" అని చెబుతారు. ఆ అంకె నాకు పనికిరాదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. 3.91 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క పిక్సెళ్ల మధ్య దూరం) ఉన్న ప్యానెల్, ఒక్కోటి అర మీటరు చదరం. దాంట్లో అటు 128, ఇటు 128 పిక్సెళ్లు. 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు వాల్ అంటే అడ్డంగా 12, నిలువుగా 6 ప్యానెళ్లు. మొత్తం 1536 బై 768. ఫుల్ హెచ్‌డీ కన్నా తక్కువే, పైగా ఆకారం రెండుకు ఒకటి. మన వీడియో 16:9. వెడల్పు నింపితే బొమ్మ ఎత్తు 864 అవుతుంది, పైన 48, కింద 48 వరసలు తెగిపోతాయి. మనుషుల పేర్లు ఉండేది ఆ కిందనే. ఎత్తు సరిపెడితే రెండు పక్కలా 85 పిక్సెళ్ల చొప్పున నల్ల పట్టీలు. ఏది మంచిదో నిర్వాహకులతో ముందే మాట్లాడుకోవాలి. వీలైతే ఎడిటింగ్‌నే 1536 బై 768లో చేయడం అన్నిటికన్నా మేలు. నేను చుట్టూ అంచు గీతా, మధ్యలో ఒక వృత్తమూ ఉన్న టెస్ట్ బొమ్మ ఒకటి తయారు చేసుకుని వెంట తీసుకెళ్తాను. నాలుగు అంచులూ కనబడి, వృత్తం కోడిగుడ్డులా సాగకుండా గుండ్రంగా ఉంటే ఇక మిగతా పని చూసుకోవచ్చు.

ఇప్పుడు కేబుళ్లు. హెచ్‌డీఎంఐ దగ్గరి దూరాలకు బాగుంటుంది. పది మీటర్లు దాటాక మామూలు రాగి కేబుల్‌ను నేను నమ్మను. దూరం ఎక్కువైతే లాప్‌టాప్ పక్కనే ఒక కన్వర్టర్ పెట్టి ఎస్‌డీఐకి (దూరాలకు వీడియో పంపే కేబుల్ పద్ధతి) మారుస్తాను. దాని చివర ఉండే బీఎన్‌సీ కనెక్టర్ తిప్పితే లాక్ అవుతుంది, ఎవరి కాలు తగిలినా ఊడిరాదు.

కేబుల్ ఊడితే ఏమవుతుందో ఒక కాన్ఫరెన్సులో కళ్లారా చూశాను. ప్రొజెక్టర్ దగ్గర ఎవరో ప్లగ్ సర్దడానికి తీసి మళ్లీ పెట్టారు, ఒక్క సెకను పని. తెరలు తమ వివరాలను ఈడీఐడీ అనే చిన్న డేటా ద్వారా కంప్యూటర్‌కు చెప్పుకుంటాయి: నేనెవరు, నాకు ఏ రిజల్యూషన్ ఇష్టం అని. ప్లగ్ తీయగానే ఆ మాట ఆగిపోయింది, రెండో తెర లేదనుకున్న కంప్యూటర్ విండోలన్నీ తెచ్చి నా స్క్రీన్ మీద కుప్ప పోసింది. ప్లగ్ మళ్లీ పెట్టాక తెరలు అటుదిటు, ఇటుదటు అయ్యాయి. నా క్యూ జాబితా, అందులో నేను రాసుకున్న నోట్స్‌తో సహా, సభ మొత్తానికి కనిపించింది. ఇప్పుడు నా బ్యాగులో ఎప్పుడూ ఒక ఈడీఐడీ ఎమ్యులేటర్ ఉంటుంది. బొటనవేలంత ముక్క. లాప్‌టాప్‌కూ కేబుల్‌కూ మధ్య పెడితే, అవతల ఏం ఊడినా కంప్యూటర్‌కు "తెర ఇక్కడే ఉంది" అని చెబుతూనే ఉంటుంది.

శబ్దం నాకు బాగా ఆలస్యంగా అబ్బిన విద్య. ఒక రిహార్సల్‌లో నా క్లిప్ మొదలు కాకముందే స్పీకర్లలో సన్నగా "మ్‌మ్‌..." అని రొద. సౌండ్ చూసే అన్న కన్సోల్ దగ్గర నుంచే అడిగారు.

"అమ్మా, నీ చార్జర్ ఒక్కసారి తీసెయ్."

తీశాను. రొద ఆగిపోయింది.

"పెట్టు."

మళ్లీ వచ్చింది. లాప్‌టాప్ కరెంటు ఒక దారిలో, సౌండ్ సిస్టమ్ కరెంటు ఇంకో దారిలో భూమికి చేరుతుంటే, మధ్యలో ఆడియో కేబుల్ ఆ రెండింటినీ కలిపి ఒక చుట్టు పూర్తి చేస్తుంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే. ఆయన వచ్చి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ అనే చిన్న పెట్టెను మధ్యలో పెట్టారు. శబ్దం దాటుతుంది, కరెంటు దారి తెగిపోతుంది. "చార్జర్ తీసి షో నడపడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు" అని కూడా చెప్పారు. ఇప్పుడు హెడ్‌ఫోన్ జాక్ వాడటమే మానేశాను. చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి రొద తక్కువగా పట్టే బ్యాలెన్స్‌డ్ కేబుల్‌తో ఇస్తాను, డీఐ బాక్స్ బ్యాగులో ఉండనే ఉంటుంది. ఇంకొకటి, వాల్‌కు బొమ్మ అందించే ఎల్‌ఈడీ ప్రాసెసర్ ఆ బొమ్మను రెండు మూడు ఫ్రేములు ఆలస్యం చేయడం మామూలే. 50 హెర్ట్జ్‌లో అది 40 నుంచి 60 మిల్లీసెకన్లు. ఆ మేరకు సౌండ్‌ను ఆలస్యం చేయమని అడగాలి. అయితే శబ్దం గాల్లో మీటరు నడవడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, 34 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకు ఎలాగూ పదోవంతు సెకను లేటు. అందుకే హాలు మధ్యలో నిలబడి, చప్పట్లు కొట్టే మనిషి ఉన్న క్లిప్ వేసి చూసి నిర్ణయించుకుంటాను.

లాప్‌టాప్ సంగతి త్వరగా చెప్పేస్తాను. నోటిఫికేషన్లు, స్లీప్, స్క్రీన్ సేవర్, అప్‌డేట్లు అన్నీ ఆపెయ్యాలి. వై-ఫై అవసరం లేకపోతే అదీ ఆపాలి. సిస్టమ్ శబ్దాలు మెయిన్ అవుట్‌పుట్‌కు వెళ్లకూడదు. సాయంత్రం కాగానే స్క్రీన్‌ను పసుపు రంగులోకి మార్చే నైట్ మోడ్ ఒకటి ఉంటుంది, అది తప్పకుండా తీసెయ్యాలి. ఉదయం రిహార్సల్‌లో కనిపించదు, షో మధ్యలో కనిపిస్తుంది. డెస్క్‌టాప్ బొమ్మ రెండు తెరల మీదా నలుపే. ఏం తప్పు జరిగినా జనానికి కనిపించేది నలుపే కావాలి.

ఇక క్యూ షీట్. ఫైళ్లకు 010, 020, 030 అని పేర్లు పెడతాను, మధ్యలో కొత్తది వస్తే 025 అవుతుంది, మిగతావి కదపక్కర్లేదు. ప్రతి వరుసలో నాలుగు సంగతులు రాస్తాను: ముందు తెర మీద ఏముంది, ఏ మాట మీద మొదలవుతుంది, ఎంతసేపు, తర్వాత ఏం మిగులుతుంది. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ వరుస పూర్తి కాలేదన్నమాట. నిర్వాహకుల దగ్గరికెళ్లి అడుగుతాను. "అయిపోయాక మామూలుగా..." అంటారు. మామూలుగా అంటే లోగోనా, నలుపా, చివరి ఫ్రేమా, వక్త మీద కెమెరానా అని అడిగితే అప్పుడు ఆలోచిస్తారు. నా పనిలో నాకు అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదే. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నతో కార్యక్రమమే కొంచెం మారుతుంది. ఒకసారి ఒక నాటకంలో డైరెక్టర్ ఐదు నిమిషాలు ఆలోచించి, వీడియో చివరి ఫ్రేమును, ఖాళీ కుర్చీ ఉన్న గదిని, తర్వాతి సీను మొత్తం అలాగే ఉంచేశారు.

షో నడిచేటప్పుడు హెడ్‌సెట్‌లో మాటలు తక్కువ. షో కాల్ చేసే, అంటే ఎవరు ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్పే, అక్క "వీడియో 030, స్టాండ్‌బై" అంటుంది. నేను క్యూ నంబరు చూసుకుని, వేలు బటన్ మీద పెట్టి "స్టాండ్‌బై" అని జవాబిస్తాను. ఆ తర్వాత "గో" అన్న మాట వినేదాకా ఇంకేమీ చెయ్యను. అందుకే హెడ్‌సెట్‌లో ఊరికే మాట్లాడుకునేటప్పుడు కూడా "గో" అన్న మాట ఎవరూ వాడరు. నొక్కాక కళ్లు ముందు తెర మీదికి వెళ్లాలి, నా మానిటర్ మీదికి కాదు. బొమ్మ వచ్చిందా, శబ్దం వచ్చిందా చూసుకున్నాకే కళ్లు టైమర్‌కు తిరుగుతాయి. "30 ఉంది... 10... 5, 4, 3..." అని మిగిలిన సెకన్లు చదువుతాను. లైట్లవాళ్లు, మైకులవాళ్లు, స్టేజీ పక్కన నిలబడ్డ యాంకర్ అందరూ ఆ లెక్క మీదే కదులుతారు.

బ్యాకప్ అంటే కారులో ఉన్న రెండో లాప్‌టాప్ కాదు. పెద్ద షోలకు రెండు మెషిన్లలో అవే ఫైళ్లు, అదే జాబితా పెట్టి, రెండింటినీ ఒకే బటన్‌తో ఒకేసారి నడిపిస్తాం. ఏ మెషిన్ బొమ్మ తెర మీదికి వెళ్లాలో ఎంచే స్విచ్చర్‌లో ఒకటి కనబడుతుంటుంది, రెండోది దాని వెనక అదే ఫ్రేములో పరుగెడుతుంటుంది. మొదటిది ఆగిపోతే స్విచ్చర్ మీద ఒక్క నొక్కు. అంత ఏర్పాటు లేని చిన్న సభల్లో కూడా ఒక పని చేయొచ్చు. స్విచ్చర్ రెండో ఇన్‌పుట్‌లో కార్యక్రమం పేరున్న ఒక్క స్టిల్ బొమ్మ ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. నా లాప్‌టాప్ ఒకసారి షో మధ్యలో బిగుసుకుపోయింది. ఆ స్టిల్ మీదికి వెళ్లి, మెషిన్ మళ్లీ ఆన్ చేసి తిరిగొచ్చేసరికి మూడు నిమిషాలు పట్టింది. యాంకర్ మాట్లాడుతూ ఉంది, తెర మీద పేరు నిలకడగా ఉంది, సభలో ఎవరికీ అనుమానం రాలేదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పెద్ద సామాను అక్కర్లేదు. ఒక లాప్‌టాప్, దానికి రెండో తెరగా ఇంట్లో ఉన్న టీవీ చాలు. మూడు క్లిప్‌లు, ఒక లోగో స్టిల్ పెట్టుకోండి. లోగోతో మొదలుపెట్టండి. మొదటి క్లిప్ వేసి చివరి ఫ్రేము మీద ఆపండి. దాని మీంచి రెండోది వచ్చి నల్లగా మసకబారాలి. ఆ నలుపు 60 సెకన్లు అలాగే ఉండాలి, మీరు చెయ్యి కదపకూడదు. మూడోది లూప్‌లో తిరుగుతుండగా మళ్లీ లోగోకు రావాలి. మధ్యలో ఇంట్లో ఎవరినైనా టీవీ కేబుల్ పీకి మళ్లీ పెట్టమనండి, ఎప్పుడు పీకుతారో మీకు చెప్పొద్దనండి. టీవీ ముందు ఇంకొకరిని కూర్చోబెట్టి, ఏమేం కనబడిందో చెప్పించుకోండి. మౌస్ బాణం గుర్తు ఒక్కసారి కనబడిందన్నా సరే, మళ్లీ మొదటి నుంచి చేయండి. నేను పదకొండు సార్లు చేశాను.